కలిపితే మళ్ళీ అదే పాట

మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉంది. నస్పూర్ కాలనీలో మా క్వార్టర్ల వరుస ముందు ఒక శ్రీరామనవమి రాత్రి జరిగిన చిరుతల భజన అందులో ఉంది. ఒకే స్పీకరు, ఒకే మైకు ఉన్న టేప్ రికార్డర్‌ను అరుగు మీద పెట్టి, ఎర్ర బటన్, ప్లే బటన్ కలిపి నొక్కారు. అంతకు మించి ఏర్పాటేమీ లేదు. చిరుతల భజన అంటేనే వలయం. గజ్జెలు కట్టుకుని, చేతుల్లో చిరుతలు ఆడిస్తూ గుండ్రంగా తిరుగుతారు. పాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోతుంది. డోలక్ వలయం నడుమ ఉంటుంది. మా బాపు కూడా ఆ రాత్రి ఆడినవాళ్లలో ఉన్నాడు. ఆ వలయమంతా క్యాసెట్‌లో ఒక్క చుక్కగా ముడుచుకుపోయింది.

కొన్నేళ్లకు ఇంటికి రెండు స్పీకర్ల సెట్ వచ్చింది. మొదటి రోజే ఈ క్యాసెట్ వేశాం. భజన కుడి నుంచీ రాలేదు, ఎడమ నుంచీ రాలేదు. రెండు స్పీకర్ల నడుమ, గోడలోంచి వచ్చింది. రెండు డబ్బాలు కొన్నా పాట ఒక్కటే డబ్బాలో ఉన్నట్టుంది. బాగుచేసే ఆయన ఇంటికి వచ్చి, ఒక స్పీకర్ వెనక ఎర్ర తీగ ఉన్నచోట నల్లది, నల్లది ఉన్నచోట ఎర్రది తగిలించాడు. పాట ఒక్కసారిగా గది నిండా పరుచుకుంది. ఎక్కడినుంచి వస్తోందో చెప్పలేనంత వెడల్పయింది. మేమంతా సంబరపడ్డాం. కాసేపటికి బాపు అన్నాడు, "డోలక్ ఏమాయె?"

నిజమే, డోలక్ దెబ్బలో బరువు పోయింది. ఒక స్పీకరు గాలిని ముందుకు నెడుతుంటే అదే క్షణాన రెండోది వెనక్కి లాగుతుంది. కింది స్వరాలు గాల్లోనే ఒకదాన్నొకటి తినేస్తాయి. వెడల్పు వచ్చింది గానీ పాట పోయింది. ఆ రెండు శబ్దాలను ఒకే తీగలో కలిపితే మిగిలేది పూర్తి నిశ్శబ్దం.

ఒకే శబ్దం నుంచి రెండు తయారు చేయాలి, రెండింటి మధ్య తేడా ఉండాలి, కానీ అసలుకు దెబ్బ తగలకూడదు. మా ఇంట్లో తీగలు తిప్పడానికి ముప్పై ఏళ్ల ముందే డెన్మార్క్ రేడియో ఇంజినీరు హోల్గర్ లౌరిడ్సెన్ ఈ పనిని ఒక కొలిక్కి తెచ్చే ఉపాయం చూపించాడు. 1954లో డేనిష్ ఇంజినీర్ల పత్రికలో తన ప్రయోగాలు రాశాడు. ఆ ఉపాయం కాగితం మీద రెండు వరుసలకు మించదు. నేను దాన్ని మొదట అర్థం చేసుకున్నరోజు నుంచి ఇప్పటిదాకా దాని మీద ఇష్టం తగ్గలేదు.

దానికి ముందు చెవుల సంగతి. బాపు బాయి పని చేసినన్నాళ్లూ చెవుల మీదే ఆధారపడ్డాడు. బొగ్గు బాయిలో క్యాప్ ల్యాంప్ వెలుగు పడినంత మేరే చూపు. పైకప్పును కర్రతో తట్టి వింటారు. గట్టి మోత వస్తే రాయి పట్టుగా ఉన్నట్టు, డొల్ల మోత వస్తే వదులైనట్టు. బొగ్గు మోసే టబ్బులు ఏ వైపు నుంచి వస్తున్నాయో చీకట్లో ముందుగా చెప్పేదీ చెవే. ఎలా చెబుతుంది? కుడి పక్క నుంచి వచ్చిన చప్పుడు కుడి చెవికి ముందు చేరి, తల చుట్టూ తిరిగి ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యోవంతుకు మూడింట రెండు వంతుల దగ్గరే ఆగుతుంది. దాంతోపాటు తల అడ్డం రావడం వల్ల సన్నని స్వరాలు అవతలి చెవికి బలం తగ్గి చేరతాయి. ఈ రెండు తేడాలను కలిపి మెదడు దిక్కు కడుతుంది. రెండు చెవులకూ అణువంత తేడా లేకుండా ఒకే శబ్దం చేరితే, అది తల నడుమ నిలబడుతుంది. మా క్యాసెట్ గోడలోంచి రావడానికి కారణం అదే.

అసలు స్టీరియో, అంటే కుడి ఎడమల తేడాతో సహా శబ్దం, ఎలా పట్టాలో లౌరిడ్సెన్ నాటికే తెలుసు. ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రెండు చెవుల శబ్దాన్ని కుడి, ఎడమగానే చూడనక్కర్లేదని, రెండింటి మొత్తంగా, రెండింటి తేడాగా కూడా చూడవచ్చని ఆ పేటెంటులోనే ఉంది. ఈ మొత్తం, తేడా అన్న మాటలు గుర్తుంచుకోవాలి. మిగతా కథంతా వాటి మీదే నడుస్తుంది. కానీ బ్లమ్‌లైన్ పద్ధతికి పాట పాడేటప్పుడే రెండు మైకులు కావాలి. అప్పటికే ఒక్క మైకుతో పట్టేసిన పాటల సంగతేమిటి? ప్రతి రేడియో కేంద్రం బీరువాల్లోనూ నిండి ఉన్నవి అవే.

రేడియో వాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. రికార్డు కంపెనీ స్టీరియో రికార్డును వేరే అట్టలో పెట్టి, వేరే ధరకు అమ్ముకోగలదు. రేడియోకు ఆ వీలు లేదు. ప్రసారం ఒక్కటే. రెండు స్పీకర్లున్న ధనవంతుడూ, ఒక్క స్పీకరున్న పేదవాడూ అదే వింటారు. బీబీసీ 1958లో స్టీరియో ప్రయోగ ప్రసారాలు చేసినప్పుడు ఒక పక్క శబ్దాన్ని టెలివిజన్ ద్వారా, రెండో పక్క శబ్దాన్ని థర్డ్ ప్రోగ్రామ్ రేడియో ద్వారా పంపింది. ఇంట్లో టీవీని ఒక మూల, రేడియోను ఇంకో మూల పెట్టుకుని మధ్యలో కూచోవాలి. రేడియో మాత్రమే ఉన్న ఇంటికి సగం వాద్యబృందమే చేరింది. అందుకే ఒక్క స్పీకరు వాడికి ఏ లోటూ రాకూడదన్నది ఈ రంగంలో పనితనానికి గీటురాయి అయింది. లౌరిడ్సెన్ ఉపాయం ఆ రాయి మీద గీసి చూసుకోదగ్గది.

ఆయన చేసింది ఇది. అసలు పాటను తీసుకున్నాడు. దానికే ఒక నకలు చేసి, నకలును కొద్దిగా ఆలస్యం చేశాడు. ఎడమ స్పీకర్‌కు అసలు, నకలు కూడి పంపాడు. కుడి స్పీకర్‌కు అసలులోంచి నకలు తీసివేసి పంపాడు. పని అయిపోయింది.

ఇప్పుడు ఎడమ, కుడి రెండింటినీ మళ్ళీ కలపండి. ఎడమలో కూడిన నకలు, కుడిలో తీసివేసిన నకలు ఒకదానికొకటి సరిపోయి మాయమవుతాయి. మిగిలేది అసలు పాట, రెండింతలుగా. గీత పడకుండా, మరక అంటకుండా, ఇచ్చినది ఇచ్చినట్టే తిరిగి వస్తుంది. మా ఇంట్లో తీగలు తిప్పినప్పుడూ ఒక కూడిక, ఒక తీసివేత ఉన్నాయి, కానీ అక్కడ తీసివేసింది పాటనే. లౌరిడ్సెన్ కూడిందీ తీసివేసిందీ ప్రతిధ్వనిని. కలిపినప్పుడు చచ్చేది ప్రతిధ్వనే, పాట బతుకుతుంది.

రెండు స్పీకర్లలో విడివిడిగా ఏం జరుగుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఆలస్యం సెకనులో నూరోవంతు అనుకుందాం. సెకనుకు 100 సార్లు ఊగే స్వరం ఆ వ్యవధిలో సరిగ్గా ఒక ఊపు పూర్తి చేస్తుంది. కాబట్టి అసలు, నకలు అడుగులో అడుగేసి నడుస్తాయి. ఎడమలో కూడికై బలపడుతుంది, కుడిలో పూర్తిగా మాయమవుతుంది. 150 సార్లు ఊగే స్వరం ఒకటిన్నర ఊపు దగ్గర ఉంటుంది. అక్కడ అసలు, నకలు ఎదురెదురు పడతాయి. ఎడమలో మాయం, కుడిలో బలం. 200 మళ్ళీ ఎడమకు, 250 కుడికి. ఇలా పైదాకా. గీసి చూస్తే ఎడమ స్పీకర్‌లో ఒక దువ్వెన, కుడి స్పీకర్‌లో ఇంకో దువ్వెన. ఒకదాని పళ్ల సందుల్లో సరిగ్గా రెండోదాని పళ్లు.

ఒక గొంతు 240 దగ్గర నిలబడి ఆ అని పలికిందనుకుందాం. గొంతులో ఆ ఒక్క స్వరమే ఉండదు. దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కూడా ఉంటాయి. ఆ గొంతుకు ఆ రంగు వచ్చేదే వాటి వల్ల. లెక్క కడితే 240 శక్తిలో నూటికి 90 పాళ్లు కుడికి, 10 పాళ్లు ఎడమకు పోతాయి. 480లో 65 పాళ్లు ఎడమకు. 720లో కూడా 65 ఎడమకే. 960లో మళ్ళీ 90 కుడికి. 1200 పూర్తిగా ఎడమకు. ఒక్క గొంతు విడిపడి గది అంతా పరుచుకుంటుంది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ పాళ్ల లెక్కే. ఏ స్వరాన్ని తీసుకున్నా ఎడమ వాటా, కుడి వాటా కలిపితే నూరే. ఒక చోట ఎంత తగ్గిందో ఇంకో చోట అంతే చేరింది. అన్నదమ్ములు పొలం పంచుకుంటే గట్టు ఎక్కడ వేసినా మొత్తం ఎకరాలు మారవు కదా, అట్లా.

సిరిసిల్లలో మగ్గం చూసినవాళ్లకు ఇది ఇంకా తొందరగా పట్టుబడుతుంది. పడుగులో ఒకటి విడిచి ఒకటి పోగులు పైకి లేస్తాయి, తక్కినవి కిందికి దిగుతాయి. రెండు వరుసల నడుమ నాడె పోయేంత చోటు తెరుచుకుంటుంది. పోగు ఒక్కటీ తెగలేదు. వరుసలు దింపితే పడుగు మళ్ళీ ఒక్క పొరే.

లౌరిడ్సెన్‌కు ఆ ఆలోచన ఎక్కడ నుంచి వచ్చి ఉంటుందో ఆయన చేసిన ఇంకో పనిలో జాడ కనబడుతుంది. అసలు స్టీరియో రికార్డింగులో మధ్య, పక్క అనే మైకుల పద్ధతిని రేడియోలో వాడుకకు తెచ్చినవాళ్లలో ఆయన పేరు ముందు చెబుతారు. ఒక మైకు పాడేవాడికి ఎదురుగా చూస్తుంది. ఇంకొకటి అడ్డంగా, కుడి ఎడమ గోడల వైపు చూస్తుంది. ఎదురు మైకుకు పక్క మైకును కూడితే ఎడమ చెవి, తీసివేస్తే కుడి చెవి. పక్క మైకుకు వినబడేదేమిటి? సరిగ్గా ఎదురుగా నిలబడి పాడేవాడి గొంతు దానికి నేరుగా చేరదు. గోడలకు తగిలి, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చిన అదే గొంతు చేరుతుంది. పాత రికార్డుకు ఎదురు మైకు ఉంది, పక్క మైకు లేదు. లేని మైకు వినగలిగి ఉండేది ఆలస్యమైన గొంతునే కాబట్టి, గొంతునే ఆలస్యం చేసి ఆ మైకు స్థానంలో పెట్టాడు. లేని గోడను కట్టాడన్న మాట. ఆ మాటకొస్తే మా అరుగు మీద పెట్టిన టేప్ రికార్డర్‌కు కూడా ఎదుటి వరుస క్వార్టర్ల గోడలు అలాగే వినబడి ఉంటాయి. ఒక్క చెవితో విన్నది కాబట్టి అవి ఎటున్నాయో దానికి తెలియలేదు.

1961లో అమెరికాలో ఎఫ్.ఎం. స్టీరియోకు జెనిత్, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీల పద్ధతిని ఖాయం చేశారు. ఆ ఏడాది జూన్‌లో ప్రసారాలు మొదలయ్యాయి. లోకమంతా వాడుకలోకి వచ్చింది ఆ పద్ధతే. అందులో ప్రధాన భాగంలో కుడి, ఎడమల మొత్తం పోతుంది. ఒక్క స్పీకరు రేడియో ఆ మొత్తాన్నే వింటుంది. కుడి, ఎడమల తేడాను 38 కిలోహెర్ట్జ్ ఉపతరంగం మీదికి ఎక్కించి, చెవికి అందనంత ఎత్తున దాచి పంపుతారు. దాన్ని విప్పడానికి గుర్తుగా 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సన్నని స్వరం ఎప్పుడూ మోగుతుంటుంది. స్టీరియో సెట్ ఆ గుర్తును పట్టుకుని తేడాను దించి, మొత్తానికి కూడి ఎడమను, తీసివేసి కుడిని చేసుకుంటుంది.

ఇప్పుడు లౌరిడ్సెన్ చేసిన పాటను ఈ మార్గంలో పంపితే ఏమవుతుందో చూడండి. మొత్తం అంటే అసలు పాట. తేడా అంటే నకలు. అంటే ప్రధాన మార్గంలో పాత పాట ఏ మార్పూ లేకుండా పోతుంది, పైనున్న ఉపతరంగం మీద ప్రతిధ్వని ఒక్కటే ప్రయాణం చేస్తుంది. రెండు స్పీకర్లున్న సెట్ దాన్ని దించుకుని గదిని కట్టుకుంటుంది. పొలంలో ఒక్క స్పీకరు రేడియో పెట్టుకున్నవాడికి ఆ ఉపతరంగం ఉన్నట్టే తెలియదు. ఆయన పాట ఆయనకు ఎప్పటిలాగే అందింది. ఎఫ్.ఎం. స్టీరియో ఖాయం కావడానికి ఏడేళ్ల ముందు రాసుకున్న ఉపాయం దానికి తాళానికి చెవిలా సరిపోయింది. లౌరిడ్సెనూ, ఎఫ్.ఎం. స్టీరియో చేసినవాళ్లూ మొత్తం, తేడా అన్న ఒకే తోవలో నడిచారు గనుక సరిపోయింది.

ఇంత మెచ్చుకున్నాక లోపం కూడా చెప్పాలి. మన పాటకు ఈ ఉపాయం అట్లాగే పనికిరాదు. మళ్ళీ ఆ 240 గొంతునే తీసుకోండి. గాయకుడు గమకంతో 240 నుంచి 300కు జారాడనుకోండి. 240లో 90 పాళ్లు కుడిన ఉన్నాయి, 300 మొత్తం ఎడమనే. జారుడు పూర్తయ్యేలోగా గొంతు గది కుడి మూల నుంచి ఎడమ మూలకు పరిగెత్తుతుంది. పియానో స్వరాలు మెట్టు మెట్టుగా ఉంటాయి కాబట్టి ఆ వింత అక్కడ కొంత దాగుతుంది. మన గొంతు ఒక్క చోట నిలబడదు. జారడంలోనే దాని అందం. అట్లా జారే గొంతు కాళ్లకు చక్రాలు కట్టినట్టవుతుంది.

ఆలస్యం పెంచితే దువ్వెన పళ్లు దగ్గర పడతాయి. సెకనులో పదోవంతు చేస్తే 10 హెర్ట్జ్‌కు ఒక పన్ను. గొంతు ఏ కాస్త కదిలినా ఎన్నో పళ్లు దాటుతుంది కాబట్టి అటూ ఇటూ ఊగడం తెలియకుండా పోయి, వెడల్పు మాత్రమే మిగులుతుంది. కానీ అప్పుడు క, త, ట లాంటి హల్లులు రెండేసి సార్లు వినబడతాయి. చిరుతల దెబ్బ ఒకటి రెండవుతుంది. ఆలస్యం సెకనులో ముప్ఫయ్యోవంతు లోపల ఉంటే చెవి రెండు చప్పుళ్లను ఒకటిగా మింగేస్తుంది, అంతకు మించితే విడదీసి చూపిస్తుంది. ఎటు పోయినా ఒక ఇబ్బంది. పైగా ఆ కాలంలో ఆలస్యం పుట్టించడానికి చేతికి అందే సాధనం టేప్ యంత్రం. ఒక హెడ్‌తో ఎక్కించి, దాని పక్కనున్న రెండో హెడ్‌తో చదువుతారు. టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు నడిస్తే, పదోవంతు ఆలస్యానికి రెండు హెడ్‌ల మధ్య 3.8 సెంటీమీటర్లు కావాలి. అది కుదురుతుంది. నూరోవంతు కావాలంటే 3.8 మిల్లీమీటర్లు. అంత దగ్గరగా రెండు హెడ్‌లను కూచోబెట్టే చోటే ఉండదు. ఉపాయం చక్కనిదే, పనిముట్టు దానికి ఇంకా అందలేదు.

ఈ ముడిని విప్పినవాడు అమెరికా బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్. లౌరిడ్సెన్ ప్రయోగాన్ని విప్పి చూసి 1958లో ఒక వ్యాసం రాశాడు, 1961లో ఇంకొకటి. అసలు ప్రశ్న ఆయన సూటిగా వేసుకున్నాడు: ఇక్కడ పని చేస్తున్నది ఆలస్యమా, స్వరాల వారీగా వచ్చిన తేడానా? స్వరాల వారీ తేడానే అయితే ఆ తేడాను వేరే దారిలో, మనకు కావలసిన చోట పుట్టించుకోవచ్చు. దానికి ఆయన వాడింది సర్వగామి అనదగ్గ విద్యుత్ వలయం, ఇంజినీర్లు ఆల్‌పాస్ అంటారు. దాని గుణం చిత్రమైనది. ఏ స్వరాన్నీ తగ్గించదు, ఏ స్వరాన్నీ పెంచదు. ఒక్కో స్వరాన్ని ఒక్కో మోతాదులో వెనక్కి పట్టి వదులుతుంది. అందరినీ లోపలికి రానిచ్చి, ఎవరిని ఎంతసేపు కూచోబెట్టాలో చూసి పంపే ఇల్లు లాంటిది. నకలును ఒకే ఆలస్యంతో కాకుండా ఈ ఇంట్లోంచి పంపి, అసలుకు కూడి, అసలులోంచి తీసివేస్తే చాలు. కూడితే మళ్ళీ అసలు రావడం, రెండు వాటాలూ కలిసి నూరు కావడం అట్లాగే నిలుస్తాయి. దువ్వెన పళ్లు మాత్రం సమదూరంలో ఉండనక్కర్లేదు.

ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకున్నవాడు రాబర్ట్ ఆర్బన్. 1970లో ఆయన రాసిన వ్యాసం పేరులోనే హేతుబద్ధమైన పద్ధతి అన్న మాట ఉంది. ఆ మాట ఎందుకు పెట్టవలసి వచ్చిందో అప్పటి రికార్డులు వింటే అర్థమవుతుంది. చెవి స్వరాలను కొలిచేది తేడాలతో కాదు, రెట్లతో. 100 నుంచి 200 ఎంత దూరమో, 1000 నుంచి 2000 కూడా చెవికి అంతే దూరం. లౌరిడ్సెన్ దువ్వెనలో కింది రెట్టులో ఒక్కటే పన్ను పడితే పై రెట్టులో పది పడతాయి. ఆల్‌పాస్ వలయాలను వరుసగా పేర్చి, పళ్లను చెవి కొలతకు తగ్గట్టు కొద్దిగా, విడివిడిగా పెట్టుకోవచ్చు. డోలక్ ఉండే కింది భాగాన్ని ముట్టకుండా వదిలేయవచ్చు. ఆర్బన్ ఆ తర్వాత ఇదే పద్ధతిలో స్టూడియోలకూ రేడియో కేంద్రాలకూ యంత్రాలు చేశాడు. ఎఫ్.ఎం. కేంద్రాల్లో శబ్దాన్ని హద్దు మీరకుండా పట్టి ఉంచే ఆప్టిమాడ్ యంత్రం కూడా ఆయనదే, 1975 నాటిది. ఒక్క స్పీకరు శ్రోతను మరిచిపోతే ప్రసారం చెడుతుందని రోజూ చూసిన మనిషి చేతి పని అది.

మరిచిపోయినవాళ్ల పని ఎలా ఉండేదో క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. కాపిటల్ రికార్డుల కంపెనీ 1961 నుంచి డ్యుయోఫోనిక్ పేరుతో ఒక్క దారి శబ్దమే ఉన్న పాత మోనో పాటలను స్టీరియో అట్టల్లో అమ్మింది. మంద్ర స్వరాలు ఒక పక్కకు, సన్న స్వరాలు ఇంకో పక్కకు తోసి, ఒక పక్కను కొంచెం ఆలస్యం చేశారు. ఇది వెడల్పుగానే వినబడుతుంది. కానీ రెండూ కలిపితే పాత పాట తిరిగి రాదు. అలుక్కుపోయిన పాట వస్తుంది. 1966లో బీచ్ బాయ్స్ బృందం పెట్ సౌండ్స్ ఆల్బమ్‌ను కూడా ఇట్లాగే స్టీరియో చేశారు. దాన్ని కూర్చిన బ్రయన్ విల్సన్‌కు కుడి చెవి దాదాపు వినబడేది కాదు. ఆయన మనసులోనూ చెవిలోనూ ఉన్నది మోనో. ఆ పాటలను ఆ తీరుగా సాగదీయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన దగ్గరికి వస్తే, తెలుగువాళ్లు చాలామంది విన్న మోనో మార్పిడి ఒకటి మాయాబజార్‌ది. 1957 మార్చిలో విడుదలైన ఆ సినిమాలో శబ్దమంతా ఫిల్ము అంచున ఒక్క సన్నని గీతలో ఉంది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దానికి రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్ 5.1కి మార్చి, 2010 జనవరి 30న విడుదల చేసింది. రంగుల గురించి అప్పట్లో అందరూ మాట్లాడుకున్నారు. 165 మంది ఎనిమిది నెలలు పనిచేశారని, చర్మం రంగు కుదరడానికే లక్షకు పైగా ఛాయలు వాడారని పత్రికల నిండా వచ్చింది. శబ్దం గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి చదివిన గుర్తు లేదు. నాకు ఆ పని కూడా చిన్నదిగా కనబడదు. ఆరు దారుల శబ్దం అంటే ప్రశ్న ఇంకా కష్టమవుతుంది. కుడి, ఎడమ చాలవు. నడుమ ఒకటి, వెనక రెండు, అడుగు మోతకు ఒకటి. ఒక్క గీతలో ఘంటసాల గొంతు, వయొలిన్లు, తబలా, ఫిల్ము మీద యాభై ఏళ్లలో పడిన చిటపటలు అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ముందు ఆ చిటపటలను ఏరాలి. ఏరేటప్పుడు స, శ లాంటి ఊదే అక్షరాలు కూడా మురికితో పాటు కొట్టుకుపోతాయి, ఎందుకంటే అవి కూడా గీసిన చప్పుడులాగే ఉంటాయి. రంగు తప్పయితే అందరికీ కనబడుతుంది. అక్షరం అంచు అరిగిపోతే ఎవరూ పట్టుకోరు, పాట ఎందుకో పాతబడినట్టుందని మాత్రం అనుకుంటారు.

ఆ సినిమాలో వెన్నెల్లో పడవ మీద సాగే యుగళగీతాన్ని నేను రెండు రూపాల్లోనూ చాలాసార్లు విన్నాను. గొంతులు నడుమ నిలబడి ఉండాలి, నీళ్లూ వాద్యాలూ చుట్టూ పరుచుకోవాలి. వినేవాడు కోరుకునేది అంతే. గొంతును పక్కలకు ఎంత సాగదీస్తే పాడేవాళ్లు అంత దూరమవుతారు. అందుకే ఇలాంటి పనిలో ఎక్కడ చేయి పెట్టారో చూసి కొంత మెచ్చుకుంటే, ఎక్కడ చేయి ఆపుకున్నారో చూసి అంతకంటే ఎక్కువ మెచ్చుకుంటాను.

2004లో రంగులు దిద్దుకుని వచ్చిన హిందీ మొఘల్-ఎ-ఆజమ్‌కు వేరే దారి పట్టారు. సంగీత దర్శకుడు నౌషాద్ అప్పటికి ఇంకా ఉన్నారు. పాత గొంతులను ఉంచుకుని, ఉత్తమ్ సింగ్ తోడుగా వాద్యాలను కొత్తగా వాయింపజేశారు. అది మార్పిడి కాదు, మళ్ళీ చేసిన పని. చేసిన మనిషే దగ్గరుండి చేయించడం దానికి కలిసొచ్చింది. ఇక ఈ మధ్య యంత్రాలు ఒకే శబ్దంలోంచి గొంతును, డప్పును, తీగను విడదీయడం నేర్చాయి. 2022లో బీటిల్స్ రివాల్వర్ ఆల్బమ్‌ను అట్లా విడదీసే మళ్ళీ కూర్చారు. ఇవి గొప్ప పనులే. అయినా అవన్నీ చేసిన తర్వాత వెనక్కి తిరగడానికి తోవ ఉండదు. విడదీసిన ముక్కలు కలిపితే పాతది అచ్చంగా వస్తుందన్న హామీ ఆ యంత్రం ఇవ్వదు. లౌరిడ్సెన్ రెండు వరుసలు ఇస్తాయి.

మొన్న దసరాకు ఇంటికి పోయినప్పుడు ఆ చిరుతల క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. లౌరిడ్సెన్‌కు టేపు మీద కుదరని నూరోవంతు ఆలస్యం ఇప్పుడు కంప్యూటర్‌లో 441 అంకెల జరుగుడు మాత్రమే. చిరుతల దెబ్బ రెండు కాలేదు, ఒకటిగానే ఉంది. పాడే గొంతు మాత్రం అనుకున్నట్టే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. నకలును సగానికి తగ్గించాను. డోలక్ ఊగకుండా నకలులోంచి కింది స్వరాలు తీసేశాను. ఈ ఉపాయంలో ఇంకో ఉదారగుణం ఉంది. నకలును ఎంత తగ్గించినా, ఎంత చెక్కినా, ఒక పక్క కూడి ఇంకో పక్క తీసివేసినంత కాలం, కలిపితే వచ్చేది అసలే. పాళ్ల లెక్క కొంచెం మారుతుంది గానీ పాట మారదు. ఒక పూటంతా ఆ చెక్కుడులోనే గడిచింది.

బాపుకు హెడ్‌ఫోన్లు పెట్టాను. చాలాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. తాను వలయంలో ఎక్కడ ఉన్నాడో ఇది చెప్పలేదు. ఆ సంగతి టేపు మీదికి ఎక్కనే లేదు, లేనిదాన్ని ఏ ఉపాయమూ తేలేదు. ఎవరు ఎటు నిలబడ్డారని అడిగితే తప్పు చూపిస్తుంది. కానీ బాపు అదేమీ అడగలేదు.

"గల్లీ ఇనవడుతున్నది రా," అన్నాడు.

తర్వాత నా సొంత తృప్తి కోసం ఒక పరీక్ష చేశాను. ఎడమ, కుడి రెండూ కలిపి సగం చేశాను. క్యాసెట్ నుంచి ముందుగా ఎక్కించుకున్న అసలును తలకిందులు చేసి దాని మీద పెట్టాను. రెండూ నిజంగా ఒకటే అయితే మిగలవలసింది సున్నా. ప్లే నొక్కాను. తెర మీద గీత జరుగుతోంది, సెకన్లు పోతున్నాయి, స్పీకర్లో చీమ చిటుక్కుమనలేదు. క్యాసెట్ బుస కూడా లేదు.

మంచం మీద నుంచి బాపు అడిగాడు, "బంద్ జేసినవా?"

"లేదు బాపు," అన్నాను. "నడుస్తున్నది."